యోసేపు సగంల ఆపిన గోడ

వరంగల్ స్టేషన్ అవతల, బియ్యం మిల్లుల వెనక, ఒక పాత చర్చి ఉన్నది. పందొమ్మిది వందల డెబ్బై ఎనిమిది క్రిస్మస్ మొదలుకొని డెబ్బై తొమ్మిది క్రిస్మస్ వచ్చేదాక ఆ చర్చి ముందుగోడ మీద, సిలువకు జర కిందికి, ఒక ముక్క సున్నం లేక మాసిపోయి ఉండె. మిగిలిన గోడంత తెల్లగనే ఉన్నది. ఆ ఒక్క ముక్క ఎందుకు ఆగిపోయిందో వాడకట్టుకంత ఎరుకనే. ఆదివారం వస్తె అందరు దాని కిందికెళ్లే లోపలికి పోతుండ్రి, బయటికొస్తుండ్రి. తలకాయ ఎత్తి చూసినోడు లేడు. మొగిలమ్మయితే గేటు దాటంగనే కొంగు నెత్తిమీదికి లాక్కొని, కాలి బొటనవేలు తప్ప ఇంకేం చూడకుంట నడుస్తుండె. ఆ ముక్కకు సున్నం వేసుకుంటనే ఆమె పెనిమిటి యోసేపు నిచ్చెన మీదికెళ్లి పడ్డడు.

మొగిలమ్మ సంగతి చెప్పాలంటే ముందుగాల ఆమె నోటి సంగతి చెప్పాలె. నల్లా కాడ బిందెల లైను తప్పితె ఊకోదు. బజార్ల సున్నపు గడ్డలల్ల రాళ్లు కలిపితె ఊకోదు. ఎదుటి మనిషిని ఊపిరి తీసుకోనియ్యది. కనీ ఎవలింట్ల జరమొస్తె గంజి కాసుకొని పోయేది కూడ ఆమెనే. పోయి, తిట్టుకుంటనే తాగిపిచ్చేది. మడికొండ పక్కన కూలి చేసుకునేటోళ్ల ఇంట్ల పుట్టింది. పదిహేనేండ్లకు సున్నమేసే యోసేపుకు ఇచ్చిండ్రు. పెండ్లికి ముందు అప్పటి పాస్టరు అయ్యగారు బాప్తిస్మమిచ్చి మార్తమ్మ అని పేరు పెట్టిండు. ఆ పేరు చర్చి రిజిస్టర్ల భద్రంగ ఉన్నది, వాడకట్టుకు మాత్రం ఆమె మొగిలమ్మనే. ఎనభై ఎనిమిదిల మోకాళ్లు మొరాయించేదాక ఆ చర్చికి ఏటేటా సున్నమేసింది ఆమెనే. ఆడమనిషి అంత ఎత్తు ఎక్కుడేందని మొదట్ల ముక్కు మీద వేలేసుకున్నోళ్లే, అటెన్క తమ ఇండ్లకు రమ్మని ఆమె ఇంటి ముందర నిలబడ్డరు. ఇది ఆమె మొదటిసారి ఎక్కిన ఏటి ముచ్చట.

యోసేపు నోరు లేని మనిషి. ఆమె పది మాటలంటె ఆయన ఒక్కటి అనేది, అది గూడ ‘ఊఁ’ అనే. దేవుడు ఇద్దరికి కలిపి ఒక్క నోరే ఇచ్చిండు, అది మొగిలమ్మ కాడనే ఉన్నదని మంది నవ్వుతుండ్రి. దసరకు, దీపావళికి ఊరోళ్ల ఇండ్లకు సున్నమేసేది ఇద్దరు. డిసెంబర్ వస్తె క్రైస్తవుల ఇండ్లు. చర్చి మాత్రం వాళ్ల సొంత పని, దానికి కూలి ముట్టేటోళ్లు కాదు. పండుగకు మనం కొత్తబట్టలు కట్టుకొని మందిరాన్ని పాతబట్టల నిలబెడతమా అని యోసేపు అనేది. ఏడాది మొత్తంల ఆయన మాట్లాడే పెద్ద మాట అదొక్కటే.

ఆ పనికొక పద్ధతున్నది. ఎత్తు గోడకు రెండు వెదురు నిచ్చెనలు కలిపి కట్టాలె. ఒకరు ఎక్కాలె. ఇంకొకరు కింద మొదటి మెట్టు మీద కాలు అదిమిపెట్టి, రెండు చేతుల గట్టిగ పట్టాలె. పట్టినోళ్లు పైకి చూడొద్దు, సున్నం చుక్క కంట్ల పడితె కన్ను ఖరాబైతది. అందుకే ఇరవై రెండేండ్లల్ల యోసేపు పైన కుంచె ఆడిస్తాంటె మొగిలమ్మ ఒక్కనాడు చూడలే. నిచ్చెన వణుకుతోనే ఆమెకు తెలిసేది. ఇగో ఎడమదిక్కు వంగిండు, ఇగో కుంచె ముంచిండు, ఇగో ఊపిరి తీసుకుంటాండు. మెడ వంచుకొని మట్టిని చూసుకుంటనే ఆయనతోని గంటలకొద్ది ముచ్చట పెట్టేది. నల్లా కాడి లొల్లి, కూరగాయల పిరం, బిడ్డ విమల సంబంధం, అన్ని ఆ నిచ్చెన కింద తెగిన ముచ్చట్లే. పైకెళ్లి ‘ఊఁ’ వినొస్తె ఆమెకు చాలు.

డెబ్బై ఎనిమిది డిసెంబర్ ఇరవై నాడు మూడు గోడలు అయిపోయినయ్. ముందుగోడ గూడ కావచ్చింది. సిలువ కింద ఒక ముక్క మిగిలింది, అర్ధగంట పని. నీలిమందు కలిపిన సున్నం ఇంకో డబ్బా నిచ్చెనకు నాలుగడుగుల దూరంల నేల మీద ఉన్నది. ఎవలిదో మేక వచ్చి దాంట్ల మూతి పెట్టబోయింది. మొగిలమ్మ అదిలించింది, పోలే. సున్నం తాగితె మేక సస్తది, పండుగ పూట వాడకట్టుల లొల్లయితది. ఆ ఆలోచన నిండ మెదిలిందో లేదో, మెట్టు మీదికెళ్లి కాలు తీసింది, చేతులిడిసింది, ఉరికింది. మేక పోయింది. వెనక చప్పుడైంది.

యోసేపు రెండు దినాలు దవాఖానల ఉన్నడు, కండ్లు తెరవలే. ఇరవై రెండు నాడు పొద్దుగాల పానం పోయింది. పండుగకు వేసిన తోరణాలు విప్పకుంటనే ఆ చర్చిలనే ఆయన పెట్టెను పెట్టి ప్రార్థన చేసిండ్రు.

కాలు జారి పడ్డడని మంది అనుకున్నరు. మొగిలమ్మ కాదనలే. ప్రపంచం మీద ఎవలనూ ఊకె ఇడవని నోరు ఆ ఒక్క మాట కాడ మూతపడ్డది. బిడ్డ విమలకు గూడ చెప్పలే. విమలను స్టేషన్ ఘన్‌పూర్‌ల ఇచ్చిండ్రు. అది నెలకొకసారి వచ్చి తల్లిని పట్టుకొని ఏడ్చిపోయేది. ఎంత మంచి పనోడు బాపు, ఆయన కాలు ఎట్ల జారిందో అని అది అన్నప్పుడల్ల మొగిలమ్మకు గుండెల కత్తి దించినట్టయ్యేది. చెప్తె ఈ ఒక్క బిడ్డ గూడ దూరమైతదని భయం. చెప్పకపోతె అన్నం గొంతు దిగదు. ఏడాదంత అట్లనే ఈడ్చింది. నిలబడ్డ కాడల్ల కుడికాలు దానంతట అదే నేలను అదిమి పట్టేది, ఎవలన్న చూస్తె సిగ్గై కూసునేది.

పక్కింటి రాజక్క ఆమెను ఇడవలే. రాజక్క హిందువులామె, మొగిలమ్మ కంటె ఐదారేండ్లు పెద్దది, కూలికి ఎక్కడికైనా పోతది. కూసుండి ఏడిస్తె కడుపు నిండదు లేవే మొగిలీ అని గుంజుకపోయి, చిన్న చిన్న ఇండ్లకు, చేతికందే గోడలకు సున్నం పని పట్టింది. ఆ రాజక్కనే డెబ్బై తొమ్మిది నవంబర్ ఆఖరుకు ఒక వార్త మోసుకొచ్చింది. చర్చి కమిటీవాళ్లు ఈసారి పాండురంగం అనే పెయింట్ కాంట్రాక్టరును మాట్లాడిండ్రట. ముందుగోడ మొత్తం గీకి, పాత సున్నమంత రాల్చి, డిస్టెంపర్ రంగు వేస్తడట.

ఆ గోడ మీద యోసేపు ఆఖరి కుంచె గీత ఉన్నది. ఎట్లున్నదో మొగిలమ్మ చూడలే, కనీ ఉన్నది. దాన్ని ఎవడో ఇనుప ముక్కతోని గీకి కింద పారేస్తడు, ఊడ్చి పెంటల పోస్తరు. యోసేపు సగంల ఆపిన పని సగంలనే అయిపోతది. లేచి నిలబడ్డది. అది నేనే పూర్తి చేస్త అన్నది. ఎక్కుడు వస్తదా నీకు, నీ ఎత్తెంత, నీ వయసెంత అని రాజక్క అడిగితె, ఎక్కితె అదే వస్తది అన్నది.

ఆదివారం ఆరాధన అయినంక కమిటీ కూసున్న గదిలకు పోయింది. సెక్రెటరీ దావీదు మాస్టర్ బళ్లె సారు, మంచోడే, కనీ అందరికి మంచిగుండాలనే మంచోడు. ముందుగాల కుర్చీ ఇప్పిచ్చిండు. అటెన్క, మార్తమ్మా, ఇంకా ఏడాదన్న నిండలే, ఆ గోడ చూస్తె నీకు కష్టమైతది, మేం నీ మంచికే చెప్తున్నం అని మెత్తమెత్తగ చెప్పిండు. ఆమె కుర్చీల కూసోలే. నాకు కష్టమైతదో కాదో నేను చూసుకుంట, గోడ ఇయ్యుండ్రి అన్నది. వెనక కూసున్న ఒక పెద్దమనిషి నేలను చూసుకుంట, పండుగకు మొదటి చెయ్యి ఎవలిది పడాల్నో జర ఆలోచించాలె గద అని గొణిగిండు. అప్పుడు అసలు సంగతి బయటపడ్డది. భర్త పోయి ఏడు తిరగని ఆడిది పండుగ పనికి చెయ్యి పెట్టొద్దు. వీళ్ల తాతలు మతం మారినప్పుడు ఊర్లె ఇడిసొచ్చినమనుకున్న పట్టింపు, ఎవలికి తెల్వకుంట వీళ్ల వెంబడే చర్చిలకు వచ్చి కూసున్నది.

మొగిలమ్మ గదిల అందరి దిక్కు ఒక్కొక్కరి మొఖం చూసింది. ఈసారి లొల్లి పెట్టలే, నిమ్మళంగనే అడిగింది.

“సచ్చినోళ్లు లేస్తరని ప్రతి ఆదివారం లేచి నిలబడి చెప్తరు గద సారూ. అంత నమ్మేటోళ్లు, ముండమోపి చేతికి భయపడతరా?”

దావీదు మాస్టర్ చెవులు ఎర్రగైనయ్. మూలకు కూసున్న ముసలి పాస్టరు అయ్యగారు అద్దాలు తీసి పంచె అంచుతోని తుడుచుకున్నడు, మళ్ల పెట్టుకున్నడు. మార్తమ్మనే వేస్తది, రాసుకోండ్రి అన్నడు. పాండురంగానికి ఆనాడే వద్దని కబురు పోయింది.

డిసెంబర్ మొదట్ల గోలెంల సున్నపు గడ్డలు పోసి నీళ్లు కొట్టింది మొగిలమ్మ. సలసల కాగి ఆవిరి లేస్తాంటె మొఖం పక్కకు తిప్పుకున్నది, కండ్లల్ల నీళ్లు సున్నం ఆవిరికే అని రాజక్క అనుకున్నది. నాలుగు దినాలు నాననిచ్చి, గుడ్డల వడగట్టి, తుమ్మబంక, నీలిమందు కలిపింది. చేతులకు కొబ్బరినూనె రాసుకున్నది. వెనక గోడ మొదలుపెట్టిండ్రు. రాజక్క నిచ్చెన పడితె ఆమె ఎక్కింది. మొదటి దినం ఎనిమిది మెట్లెక్కి, ఇంక పైకి పోలేక దిగింది. దిగి, నిచ్చెనను తిట్టింది, రాజక్కను తిట్టింది, మళ్ల ఎక్కింది. మూడో నాటికి పదహారు మెట్లు. చేతుల చర్మం లేచిపోయింది, భుజం పడిపోయింది. అన్నం తినేటప్పుడు బుక్క నోటి దాక పోక రాజక్కనే కలిపి పెట్టింది. పక్కగోడలు రెండు అయినయ్. నడుమల మూడు దినాలు ముసురు పట్టి పని ఆగిపోయింది. చూస్తాంటె డిసెంబర్ ఇరవై నాలుగు వచ్చింది, సోమవారం. ముందుగోడ గూడ రెండు పక్కల అయిపోయింది, నడుమ సిలువ కింది ఆ ముక్క ఒక్కటే మిగిలింది. తెల్లారితె క్రిస్మస్.

ఆ పొద్దుగాలే ప్యాసింజర్ బండికి విమల దిగింది. ఇక్కడుంటే తల్లి పండుగ పూట గోడను తలుచుకొని ఏడుస్తది, ఘన్‌పూర్‌కు తోల్కపోదామని వచ్చింది. ఇంటికి తాళం చూసి చర్చికి నడిచొచ్చింది. ముందుగోడకు రెండు నిచ్చెనలు కలిపి కట్టి ఆనించి ఉన్నయ్. తల్లి కొంగు నడుముకు చెక్కుకొని, కుంచె చేతిల పట్టుకొని నిలబడ్డది. విమల సంచి కింద పడేసింది. వచ్చి తల్లి చెయ్యి పట్టుకున్నది, ఇడవలే. బాపు అసుంటి అలవాటున్న మనిషే కాలు జారిండు, నువ్వెంత, నువ్వు గూడ పోతె నాకు ఈ లోకంల పుట్టిల్లనేదే ఉండదని గట్టిగ ఏడ్చుకుంట చెప్పింది. రాజక్క గూడ, పోనియ్యే మొగిలీ, ఇంతదాక చేసినవ్, ఇంకెవలన్న మొగోన్ని పిలుద్దాం అన్నది.

మొగిలమ్మ కుంచె డబ్బాల పెట్టింది. ఏడాది సంది గొంతుల అడ్డంపడ్డ మాటను ఇంక మింగబుద్ధి కాలే. ఆ మాట బిడ్డకు చెప్పకుంట ఆ నిచ్చెన ఎక్కుడు దొంగతనమే అనిపిచ్చింది.

“మీ బాపు కాలు జారలే బిడ్డా. నేను నిచ్చెన ఇడిసిపెట్టిన.”

మేక సంగతి చెప్పింది. నాలుగడుగుల సంగతి చెప్పింది. ఏం దాచలే, తనను తాను బచాయించుకునే మాట ఒక్కటి కలపలే. రాజక్క నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నది. విమల తల్లి చెయ్యి ఇడిసింది. పోయి చర్చి మెట్ల మీద కూసున్నది. మోకాళ్లల్ల మొఖం పెట్టుకొని ఎంతసేపు కూసున్నదో, మిల్లు సైరన్ మోగింది, కూలోళ్లు లోపలికి పోయిండ్రు, వాకిలి మళ్ల సప్పుడు లేకుంటయింది. మొగిలమ్మ ఉన్న కాడనే నిలబడ్డది. లేచి తిడుతదా, సంచి తీసుకొని బండెక్కి పోతదా, ఏది చేసినా న్యాయమే అనుకున్నది.

విమల చివరికి తలెత్తింది. ఆ మేక బతికిందా అని అడిగింది.

బతికింది, మొన్న రెండు పిల్లల్ని గూడ ఈనింది అని చెప్పింది మొగిలమ్మ. విమల మూతి వంకరపోయింది. ఏడుపో నవ్వో దానికే తెల్వది. లేచి నల్లా కాడికి పోయి మొఖం కడుక్కున్నది. వచ్చి కొంగు నడుముకు దోపుకొని మొదటి మెట్టు మీద కాలు అదిమి పెట్టింది, రెండు చేతుల నిచ్చెనను పట్టింది. తలకాయ వంచింది.

“ఎక్కు. నువ్వు దిగేదాక నేను ఇడువ.”

మొగిలమ్మ ఎక్కింది. పది మెట్లు, ఇరవై మెట్లు. రెండు నిచ్చెనలు కలిపిన కట్టు దాటినంక నిచ్చెన ఊగింది, ఆమె ఆగింది, మళ్ల ఎక్కింది. పైకెళ్లి తాడు ఇడిస్తె రాజక్క దానికి డబ్బా కట్టింది, మొగిలమ్మ గుంజుకున్నది. ఎదురుంగ సిలువ, దాని కింద ఆ ముక్క. ఏడాదంత తలొంచుకొని తప్పించుకున్నదాన్ని ఇప్పుడు జానెడు దూరంల చూసింది. వడ్లపొట్టు దుమ్ము పట్టి నల్లగున్నది. ఎడమ దిక్కుకెళ్లి ఒక తెల్లటి గీత వెడల్పుగ, నిదానంగ వచ్చింది. నడుమల ఒక్కసారి కిందికి జారి సన్నగైపోయింది. అరచెయ్యి దాని మీద పెట్టింది. సున్నం పొడి చేతికంటింది.

అక్కడ నిలబడ్డంక ఆమెకు ఇంకొకటి తెలిసింది. ఇరవై రెండేండ్లు కింద నిలబడి, పైనున్నోడి సంగతి తనకొక్కదానికే తెలుస్తదనుకున్నది. కాదు. కింద పట్టిన చేతులు గూడ పైనున్నోనికి తెలుస్తయి. విమల భుజం మార్చుకుంటె తెలిసింది. కాలు ఇంకింత అదిమితె తెలిసింది. అంటే ఆనాడు తను చేతులిడిసిన సంగతి యోసేపుకు తెలిసే ఉంటది. అరిచి పిలువలే. కుంచె ఆపలే. ఆ వెడల్పు గీత అట్లనే సాగి ఉన్నది, ఆమె వస్తది, గీత పూర్తి చేద్దామనుకున్నట్టు.

మొగిలమ్మకు కోపం పొంగుకొచ్చింది. ఏడాదంత తన మీద తనకే తప్ప ఎవల మీద రాని కోపం. కింద విమలకు, రాజక్కకు, రోడ్డు మీద పోయేటోళ్లకు గూడ ఇనబడేటట్టు మొగన్ని తిట్టుడు మొదలుపెట్టింది. నేను పోయిన సంగతి నీకు ఎరుకనే గద, కుంచె ఆపద్దా. ఒక్క మాట పిలిస్తె నీ నోటి ముత్యాలు రాలుతయా. పెండ్లయిన కాడికెళ్లి చెప్తున్న, నోరు తెరువు నోరు తెరువని, ఎప్పుడన్న ఇన్నవా. నేను ఇడిసింది తప్పే, ఒప్పుకుంటున్న, వెయ్యిసార్లు తప్పు. నువ్వు ఆగక పోయింది గూడ తప్పే, మొండోడా. ఇట్ల చానాసేపు తిట్టింది. తిట్టి తిట్టి, అలవాటు కొద్ది ‘ఊఁ’ కోసం ఆగింది. రాలే. రాదని ఆమెకు అప్పుడు నిండ తెలిసింది, గోడకు నొసలు ఆనించి బోరున ఏడ్చింది. కింద విమల తలకాయ వంచుకొనే ఏడుస్తాంది. చేతులు మాత్రం ఇడవలే.

ఏడుపు తెరిపినిచ్చినంక మొఖం తుడుచుకొని కుంచె ముంచింది. ఆయన గీత జారిన కాడ ఒక్క చిటికె సేపు ఆగింది. ఇడిసిపెడదామా, గుర్తుకుంటది అనిపిచ్చింది. కనీ సగం పని చేసిన మనిషని ఏ ఇంటి ముందరా పేరు తెచ్చుకోలే యోసేపు. దేవుని ఇంటి ముందర తెస్తదా తను. ఎడమకెళ్లి మొదలుపెట్టి, ఆయన గీత మీదికెళ్లే కుంచెను తీసుకపోయింది. దాటి అవతలికి, సిలువ కింది అంచు దాక. ఒక పూత అయినంక, జర ఆరనిచ్చి ఇంకొక పూత వేసింది. దిగి నేల మీద కాలు పెట్టేసరికి పొద్దు వాలింది. విమల చేతులు నిచ్చెనకు అతుక్కుపోయినట్టున్నయ్, వేళ్లు ఒక్కొక్కటి రాజక్కనే ఊడదీసింది.

దావీదు మాస్టర్ అప్పుడే నక్షత్రం దీపం కట్టిపిద్దామని వచ్చిండు. ఏడాదిల మొదటిసారి తలకాయ ఎత్తి గోడ చూసిండు. ఆ ముక్క ఇంకా నల్లగనే ఉన్నది. దాని మీద పాత గీత మునుపటికంటె సాఫ్‌గ కనబడుతాంది. ఇదేం సున్నం మార్తమ్మా, నీళ్లు చల్లినట్టున్నది, పొద్దుగాల ఊరంత వస్తది, ఇప్పుడన్న పాండురంగాన్ని పిలిపిస్త అని సైకిల్ తిప్పిండు. పాపం, గోడ ఎన్నడూ వేసిన మనిషి కాదు. పచ్చి సున్నం గోడ మీద నీళ్ల లెక్కనే ఉంటది. ఆరుకుంట ఆరుకుంట తెలుపు తిరుగుతది, అది సున్నమేసేటోళ్లకే ఎరుక. వేరే దినమైతె మొగిలమ్మ ఆయన సైకిల్ ముందర నిలబడి ఏకిపారేసేదే. ఆరనియ్యుండ్రి సారూ, పొద్దుగాల చూద్దాం అన్నది, అంతే. అన్నది గనీ లోపల ఆమెకూ ఫికర్ ఉన్నది. ఏడాది దుమ్ము పట్టిన ముక్క. రెండు పూతలకు దాగుతదో లేదో యోసేపయితె చెప్పేటోడు.

క్రిస్మస్ నాడు తెల్లగ తెల్లారినంక విమల తల్లిని తోలుకొని చర్చికి వచ్చింది. కొత్తబట్టల మంది వాకిలి నిండ ఉన్నరు. అందరి తలకాయలు పైకే ఉన్నయ్. దావీదు మాస్టర్ మెట్ల మీద నిలబడి, నిన్నటి మాటకు ఏం చెప్పాల్నో తెల్వక కండువా సర్దుకుంటాండు. గోడంత ఒక్క తీరుగ, ఎండ పడితె కండ్లు మూసుకునేటంత తెల్లగున్నది. మొగిలమ్మ మెట్లకు అడ్డంగ నిలబడి సిలువ కిందికి చూసింది. మాసిన ముక్క లేదు. జారిన గీత లేదు. ఎడమకెళ్లి కుడికి, కుడికెళ్లి ఎడమకు మళ్ల మళ్ల చూసింది. మీ బాపు ఏడ ఆపిండో జర చూపియ్యి బిడ్డా అని విమలను అడిగింది. విమల గూడ సేపు చూసి, తెలుస్తలేదవ్వా అన్నది.

లోపల పాట మొదలైంది, మంది ఆమె పక్కకెళ్లి సర్దుకొని లోపలికి పోతాండ్రు. ఎవలో జరగుమంటె, జరిగేది లేదు పో అని కసురుకున్నది. కండ్లల్ల నీళ్లు కారుతనే ఉన్నయ్, మెడ నొస్తాంది, అయినా కిందికి దించలే. యోసేపు ఏడ ఆపిండో, తను ఏడ మొదలుపెట్టిందో, ఎంత వెతికినా ఆమెకు దొరుకుతలేదు.